వంగిన రేకు, విఱిగిన రేకు



నేను వృత్తిచేత తెలుగు పండితుడను. ప్రాచ్య కళాశాలలో వ్యాకరణమును, కొంత తర్కమును చదువుకొని, ముప్పదియేండ్లకు పైగా ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో పాఠములు చెప్పి, ఇప్పుడు విశ్రాంతి పొందియున్నాను. అట్టివాడు నేడు లోహములను గూర్చి ప్రసంగింపబూనుట యేల యని మీకు సందేహము కలుగవచ్చును. దానికి కారణము ఒక ఋణము. ఒక పిల్లవాని ప్రశ్నకు నేను చాలకాలముగా బాకీపడియున్నాను. ఆ బాకీ తీర్చుటకే ఈ ప్రసంగము.

ఒక సంవత్సరము మా బడిలో సామాన్యశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడు లేకపోగా, ఎనిమిదవ తరగతికి ఆ పాఠములు కూడ నన్నే చెప్పుమనిరి. లోహముల పాఠము వచ్చినది. ‘లోహములు సుత్తిదెబ్బకు సాగును, వంగును. గాజు దెబ్బ తగిలిన పగులును. ఇదియే రెంటికిని గల భేదము’ అని చెప్పి వ్రాయించితిని. వెనుక వరుసలోని బాలుడొకడు లేచి, ‘పంతులుగారూ, గాజువంటి లోహము ఉండదాండీ?’ అని యడిగెను. తరగతి యంతయు నవ్వినది. నాకు కోపము వచ్చినది. ‘కుందేటికొమ్ము ఉండునా యని యడిగినట్లున్నది. పాఠము ముగియువఱకు నిలువబడుము’ అంటిని. వాడు నిలువబడెను. ఆ యేడు మరల వాడు తరగతిలో ఒక్క ప్రశ్నయు అడుగలేదు. ఆ సంగతి అప్పుడు నేను గమనింపలేదు. తరువాత తలచుకొని తెలిసికొంటిని.

ఆ శిష్యుడు లోహశాస్త్రము చదివి ఇంజనీరైనాడు. ఒక సంక్రాంతికి మా యింటికి వచ్చి, నమస్కరించి, జేబులోనుండి ఒక కాగితపు పొట్లము తీసెను. అందు వెండివలె మెఱయు పలుచని రేకులు రెండు ఉన్నవి. రెండును ఒకే ఇనుప మిశ్రమమునుండి, ఒకే పోతలో తీసినవట. ‘మొదటిది మడిచి చూడుడు పంతులుగారూ’ అనెను. మడిచితిని. కాగితమువలె మడతపడినది గాని విఱుగలేదు. ‘ఇక రెండవది’ అనెను. దానిని మడువబోగా చిటుక్కుమని పెంకువలె ముక్కలైనది. ‘రెండును లోహములే. రెండును గాజులే. రెండవదానిని మాత్రము కొంతసేపు కొలిమిలో వేడిచేసితిమి. భేదమంతయు అదియే’ అని చెప్పెను.

నాకు నోట మాట రాలేదు. రాగిని కాల్చిన మెత్తబడునని కంచరివాని పిల్లవాడు సైతము ఎఱుగును. కాల్చిన పెళుసగు లోహమెట్టిది? గాజు అయినచో మొదటి రేకు మడతపడుట యెట్లు? ఆ రాత్రి మా అరుగుపై కూర్చుండి శిష్యుడు చెప్పినదియు, పిమ్మట నేను చదివి తెలిసికొన్నదియు మీకు విన్నవించెదను.

ముందుగా గాజు అను మాటను విచారింతము. మనకు ఆ మాట వినగానే అద్దమో చేతిగాజో తలంపునకు వచ్చును. శాస్త్రజ్ఞులు దానికి మఱింత విశాలమైన అర్థము చెప్పుదురు. చక్కెరపాకమును కదల్పక నెమ్మదిగా చల్లాఱనిచ్చినచో అందు వ్రేలాడదీసిన దారముచుట్టును కలకండ పలుకులు కట్టును. పలుకు పలుకునకును చదునైన ముఖములుండును. ఏలయన, లోపల చక్కెర అణువులు నాటిన వరిమళ్లవలె వరుసలు తీరియుండును. అదే చక్కెరపాకమును బాగుగా ముదురనిచ్చి, చల్లని పళ్లెముపై ఒక్కమారుగా పోసినచో, పలుకులు కట్టక, నున్నని బిళ్లయై ఊరకుండును. వరుసలు తీరుటకు దానికి వ్యవధి చాలలేదు. ద్రవముగా నున్నప్పటి కలగాపులగపు అమరికతోనే అది గట్టిపడినది. కలకండ వంటిది స్ఫటికము. పాకపు బిళ్ల వంటిది గాజు.

తర్కశాస్త్రమున ద్రవత్వము రెండు విధములని చదివితిమి. నీటి ద్రవత్వము సహజము. నేతిదియు బంగారముదియు అగ్నిసంయోగముచే కలుగునట్టిది. నిమిత్తము తొలగిన ద్రవత్వము తొలగును. అయితే ద్రవత్వము తొలగినను ద్రవముయొక్క అమరిక నిలువవచ్చునా? ఈ ప్రశ్న చదువుకొను దినములలో మాలో నెవ్వరికిని తోచలేదు. నా తరగతిలోని బాలునికి తోచినది.

మన యిండ్లలోని లోహములన్నియు స్ఫటికమయములే. జింకుపూత వేసిన బక్కెట్టుపై పువ్వులవలె కనబడు మచ్చలు ఆ స్ఫటికములే. లోహపు పరమాణువులు పలుకు కట్టుటలో మిక్కిలి త్వరపడునట్టివి. వానిని గాజుగా చేయవలెనన్న అంతకన్నను త్వరగా చల్లార్పవలెను. 1960లో అమెరికాలోని కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో పోల్ డ్యూవెజ్ అను శాస్త్రజ్ఞుడును, క్లెమెంట్, విలెన్స్ అను అతని సహచరులును ఈ పని సాధించిరి. నాలుగింట మూడుపాళ్లు బంగారము, ఒకపాలు సిలికాను పరమాణువులు గల మిశ్రమమును కరగించి, సెకనుకు సుమారు 10 లక్షల డిగ్రీల వేగమున చల్లార్చిరి. పలుకు కట్టని లోహము లభించినది. అప్పటికి నేను పసిబిడ్డను. కుందేటికొమ్మని నేను తరగతిలో పరిహసించుటకు ఎన్నియో యేండ్లు ముందే అది లోకమున నున్నదన్నమాట.

తరువాత, వడిగా తిరుగు రాగి చక్రముపై కరగిన మిశ్రమమును సన్నని ధారగా పోసి, పొడవైన రేకులుగా తీయు పద్ధతి ఏర్పడినది. ఆ రేకుల మందము సాధారణముగా మిల్లీమీటరులో నలుబదవ వంతు. ఇనుము ప్రధానముగా గల ఇట్టి రేకులను చుట్టి కొన్ని ట్రాన్సుఫార్మరులలో మధ్యభాగముగా నుంచుదురు. వానిలో ఊరక నష్టమగు విద్యుత్తు మామూలు ఉక్కు రేకులలో కన్న సగమునకు పైగా తగ్గును. నా శిష్యుడు తెచ్చినవి అట్టివే. 1980ల చివరనుండి జపానులో ఇనౌయె బృందమును, 1993లో అమెరికాలో పెకర్, జాన్సన్ అనువారును, నెమ్మదిగా చల్లార్చినను పలుకు కట్టని మిశ్రమములను కనుగొనిరి. అందుచేత రేకులే కాక దిట్టమైన కడ్డీలను కూడ గాజులోహముతో పోయ వీలైనది.

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వత్తము. బలము తగిలినపుడు మామూలు లోహము ఎట్లు వంగును? గాజులోహము ఎట్లు వంగును?

పెండ్లిపందిటిలో పెద్ద తివాచి పఱచియున్నది. దానిని జానెడు ముందుకు జరుపవలెను. అంచు పట్టుకొని లాగినచో పదిమందికిని సాధ్యము కాదు. అయితే ఒక కొసను చిన్న ముడత తీసి, ఆ ముడతను కాలితో నెట్టుకొనుచు రెండవ కొసకు చేర్చినచో తివాచి యంతయు ఆ మేరకు జరుగును. వరుసలు తీరిన స్ఫటికములో గూడ ఇట్టి ముడతలవంటి లోపములు కలవు. బలము తగిలినపుడు అవి ఒక వరుసనుండి మఱియొక వరుసకు ప్రాకును. అందువలననే రాగితీగ సులువుగా వంగును. ఈ రహస్యమును 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ అను మువ్వురు ఎవరికి వారు వేర్వేఱుగ బయలుపఱచిరి. మఱియొక విశేషమేమనగా, లోహమును కొట్టినకొలదిని ఈ ముడతలు పెరిగి, ఒకదాని కొకటి చిక్కుపడి, కదలలేకపోవును. వంగినచోటు గట్టిపడును. గట్టిపడుటచే తన భారమును ప్రక్కచోటికి పంచును. అక్కడ వంగును, అదియు గట్టిపడును. ఇట్లు వంపు అంతటను పంపకమగును. కంచరివాడు బిందె సాగగొట్టుచు నడుమ నడుమ కాల్చుట ఆ చిక్కులు విడదీయుటకే.

గాజులోహములో వరుసలే లేవు; కావున ముడతలును లేవు. అక్కడ కదలిక ఎట్టిది? కుంచములో ధాన్యము పోసి, చేయిపెట్టి కదపి చూడుడు. ఒక గింజ జరుగవలెనన్న చుట్టునున్న గింజలు కొంచెము ఎడమియ్యవలెను. ఒక్క గింజ కాదు, కొన్ని గింజల గుంపు ఒక్కసారి సర్దుకొనవలెను. గాజులోహమునందును ఇట్లే కొన్ని పదుల పరమాణువుల గుంపు బలమునకు లోబడి ఒక్కసారి తావు మాఱును. 1977లో స్పేపెన్ అను శాస్త్రజ్ఞుడు పరమాణువుల నడుమ మిగిలియున్న ఖాళీచోటు ఈ కదలికకు ఆధారమని వివరించెను. 1979లో అలీ ఆర్గన్ అనునతడు ఇట్టి గుంపుల సర్దుబాటును గూర్చి సిద్ధాంతము చేసెను.

కంటికి కనబడని ఈ కదలికను చూపుటకు ఆర్గన్, కువో అనువారు ఆ 1979లోనే సబ్బునీటి బుడగలను తెప్పవలె నీటిపై పఱచి చూచిరి. ఒకే పరిమాణముగల బుడగలు చక్కని వరుసలు తీరునని, అవి స్ఫటికమునకు నమూనా యగునని బ్రాగ్, నై అనువారు 1947లోనే చూపియుండిరి. ఆర్గన్, కువో పెద్దవియు చిన్నవియు కలిపిరి, వరుసలు చెదరినవి. ఆ తెప్పను ప్రక్కకు నెట్టగా, అక్కడొక గుంపు, ఇక్కడొక గుంపు తటాలున సర్దుకొనుట కనబడినది. మన యిండ్లలో కుంకుడురసమును చిలికినపుడు లేచు నురుగును పళ్లెములో పోసి వ్రేలితో ప్రక్కకు నెట్టి చూచిన, కొంతవఱకు ఈ తెఱగు మీకును బోధపడును.

ఇంతవఱకు గాజులోహమునకు కీడేమియు లేదు. కీడంతయు పిమ్మట నున్నది. ఒక గుంపు సర్దుకొన్నచోట అమరిక కొంచెము వదులగును. స్ఫటికలోహము వంగినచోట గట్టిపడునని చెప్పితిని గదా; ఇది జాఱినచోట మెత్తబడును. మెత్తబడినచోటనే మరల జాఱును. మరల జాఱుటచే ఇంకను మెత్తబడును. చెఱువుకట్టను తలచుకొనుడు. కట్ట పొడవునను నీటి ఒత్తిడి సమానమే. ఎలుకబొరియ యున్నచోట నీరు ఊఱును; ఊఱుటచే మన్ను కొట్టుకొనిపోవును; బొరియ పెద్దదగును; తక్కిన కట్ట యంతయు చెక్కుచెదరకుండగనే ఆ యొక్కచోట గండి పడును. గాజులోహమునందును అట్లే జాఱుడంతయు ఒక్క సన్నని పొరలోనికి చేరును. దానిని జాఱుగీత యందము. మిల్లీమీటరును లక్ష భాగములు చేసినచో అందు ఒకటి రెండు భాగములు మాత్రమే దాని మందము. కడ్డీలో తక్కిన భాగమునకు ఏమియు కాలేదు. పేకముక్కల కట్టలో రెండుముక్కల నడుమ మాత్రమే జాఱినట్లు, కడ్డీలో సగము రెండవ సగముపై జాఱిపోవును.

ఆ గీతలో పుట్టు వేడి ఎంత? 2006లో లెవండౌస్కీ, గ్రీర్ అను శాస్త్రజ్ఞులు దీనిని కొలిచిన విధము మన కళాయివారికి సంతోషము కలిగించునట్టిది. వారు గాజులోహపు ముక్కకు తగరముతో పలుచని కళాయి పూసిరి. పిమ్మట దానిని వంచిరి. జాఱుగీతలు పైకి తేలినచోట కళాయి కరగి సన్నని పూసలైనది. తగరము 232 డిగ్రీల సెంటీగ్రేడునకు కరగును. కావున ఒక్క క్షణములో అతిస్వల్పభాగమైనను ఆ గీత అంత వేడెక్కినదనుట నిశ్చయము. కాని వేడి మూలకారణము కాదు. వదులగుట ముందు, వేడి వెనుక. లాగగా విఱిగిన కడ్డీ ముఖమును సూక్ష్మదర్శినితో చూచినచో, బంకనంటిన రెండువ్రేళ్లను విడదీసినపుడు కనబడు నరములవంటి గీతలు కనబడును. చివరి క్షణమున ఆ పొర బంకవలె మెత్తబడినదనుటకు అదియే గురుతు.

దీని బలము సామాన్యమైనది కాదు. 100 అంగుళముల మెత్తని ఉక్కుకడ్డీని లాగినచో అంగుళములో ఎనిమిదవ వంతు సాగువఱకే అది యథాస్థితికి రాగలదు. జిర్కోనియముగల గాజులోహము 2 అంగుళములవఱకు సాగి మరల యథాస్థితికి రాగలదు. అది ఓర్చు బలము మెత్తని ఉక్కుకన్న ఏడురెట్లకు పైమాట. అయితే ఆ హద్దు దాటిన పిమ్మట ఉక్కు ముందు వంగి, సాగి, మనకు హెచ్చరిక చేయును. వంగిన దూలమును చూచి ఇంటివారు బయటకు పరుగెత్తవచ్చును. లాగుడుకు లోనైన గాజులోహము ఏ హెచ్చరికయు చేయక ఒక్కగీతవెంట తెగిపోవును. ఇంత బలముగల లోహముతో వంతెనలు, దూలములు కట్టకుండుటకు, ఖరీదుతో పాటు, ఇదియు ఒక పెద్ద కారణము.

మీలో పెద్దలొకరు, ‘పోతయినుమును, కంచును గూడ పగులును గదా’ యని యనవచ్చును. నిజమే. అవి స్ఫటికములే. పోతయినుములో బొగ్గువంటి రేకలు అడుగడుగున నుండుటచేతను, కంచులో తగరమును రాగియు కలిసి పెళుసైన పలుకులు కట్టుటచేతను అవి పగులును. కారణము వేఱు. కాని లోహమనగా వంగునదే యని నేను చెప్పిన వ్యాప్తి, మా యింటి కంచుగిన్నె చేతనే భంగమైయుండినదని నాకు అప్పుడే తోచవలసినది.

ఇక రెండు రేకుల చిక్కు విడదీయుదము. మొదటి రేకు ఏల విఱుగలేదు? రేకును మడిచినపుడు వెలుపలిప్రక్క సాగును, లోపలిప్రక్క నొక్కుకొనును, నడిమిపొర రెండును ఎఱుగదు. పైనుండి బయలుదేఱిన జాఱుగీత ఒత్తిడిలేని ఆ నడిమిపొరవఱకు వచ్చి ఆగును. రేకు పలుచనిది కావున ప్రతిగీతయు కొంచెమే జాఱును. ఒకటి ఆగగనే ప్రక్కన మఱియొకటి పుట్టును. ఇట్లు ఎన్నియో గీతలు భారమును పంచుకొనుటచే మడత పడినది. అదే లోహమును దిట్టమైన పలకగా చేసి వంచినచో గీతలు కొన్నియే పుట్టును. ఒక్కొక్కటి చాల జాఱి పగులుగా మాఱును.

రెండవ రేకు ఏల విఱిగినది? మరల కుంచమువద్దకు వత్తము. వదులుగా పోసిన ధాన్యములో వ్రేలు దూర్పవచ్చును. కుంచమును తట్టి తట్టి చూడుడు. గింజలు దిగి, ఖాళీలు పూడి, కొలత తగ్గును. అప్పుడు వ్రేలు దూఱదు. పలుకు కట్టునంత కాకున్నను తగుమాత్రపు వేడి తగిలినచో పరమాణువులును అట్లే నెమ్మదిగా దిగి ఒత్తుగా సర్దుకొనును. పోతలో మిగిలిన ఒత్తిడులు పోవుటకును, అయస్కాంతగుణము మెఱుగగుటకును కర్మాగారమువారు కోరియే ఇట్లు వేడిచేయుదురు. దానివలన గుణమును కలుగును, దోషమును కలుగును. సర్దుకొనుటకు చోటు లేకపోవుటచే రేకు పెళుసగును. రాగికి చిక్కులు విడదీయు అగ్నియే దీనికి చోటులేకుండ చేయును.

దీనికి మందు లేదా? కలదు. మన పెద్దలు గోడమట్టిలో వరిగడ్డి కలిపి త్రొక్కుట మీరెఱుగుదురు. ఉత్తమట్టి గోడలో పుట్టిన పగులు పైనుండి క్రిందివఱకు పోవును. గడ్డిగల గోడలో పోచపోచకును తట్టుకొని ఆగును. 2008లో అమెరికాలో హాఫ్మన్, జాన్సన్ మొదలగువారు ఇట్టి యుపాయమే చేసిరి. జిర్కోనియము, టైటానియము గల గాజులోహములో మెత్తని స్ఫటికములు చెట్టుకొమ్మలవలె వ్యాపించునట్లు పోసిరి. జాఱుగీత ఎంతోదూరము పోకముందే ఒక మెత్తని కొమ్మకు తగిలి ఆగును. ఇంకొకచోట వేఱొక గీత పుట్టును. ఆ లోహమును లాగగా నూటికి 10 పాళ్లకు పైగా సాగినది. బలము పెంచుట ఒక యెత్తు. ఆ బలము ఒక్కచోట కూలకుండ పదిచోట్లకు పంచుట మఱియొక యెత్తు. గాజులోహములను గూర్చి నేను గ్రహించిన సారమిదియే.

మహాశయులారా! ఆ రాత్రి శిష్యుడు నిదురపోయిన పిమ్మట విఱిగిన రేకుముక్కలను చేతబట్టుకొని చాలసేపు కూర్చుంటిని. ఏటేట అదే పాఠము చెప్పి చెప్పి నా బుద్ధియు తట్టి తట్టి దింపిన కుంచమువంటిదైనది. ఒక పిల్లవాని ప్రశ్న దూఱుటకు అందు చోటు లేకపోయినది. నేను తెలియదని చెప్పియుండవలసినది. ‘తెలిసికొని రేపు చెప్పెదను’ అని యుండవలసినది. మఱునాడు ఉదయమున ఆ మాట అతనితోనే అంటిని. అతడు నవ్వి, ‘నిలువబెట్టిరి గనుకనే మఱువలేదు పంతులుగారూ’ అనెను. అది శిష్యుని సౌజన్యము. దానిచేత నా తప్పు ఒప్పు కాదు. ఇతడు మఱువలేదు, నిలువబడి, కూర్చుండి, మఱచిన పిల్లలెందఱో నాకు తెలియదు.

మీ యిండ్లలో మనుమలు, మనుమరాండ్రు ఉందురు. వారు కుందేటికొమ్మువంటి ప్రశ్న యడిగినపుడు కసరక, ఒక్కదినము గడువడుగుడు. మా యింటికి వచ్చు పిల్లలకు చూపుటకై ఆ వంగిన రేకును నా పుస్తకములనడుమ భద్రపఱచియున్నాను.